కాయిల్ నెట్టాల్సిన మాగ్నెట్ బోల్టుకే అంటుకుపోతోంది: రొయ్యల ఫీడర్ గేటుకు సలహా కావాలి

అల్లూరు వనామి, నెల్లూరు జిల్లా

అందరికీ నమస్కారం. అల్లూరు దగ్గర మాకు వనామి రొయ్యల చెరువులున్నాయి. మేత వేసే ఆటో ఫీడర్‌ను సొంతంగా తయారు చేసుకుంటున్నాను. తొట్టి అడుగున ఒక పలక గేటు ఉంటుంది. అది పక్కకు జరిగితే మేత గింజలు తిరిగే పళ్లెం మీద పడి చెరువులోకి చిమ్ముతాయి. గేటు నడపడానికి ఇంతకుముందు గేర్ మోటారు పెట్టాం. ఉప్పుగాలికి బేరింగులు పట్టేశాయి. మేత పిండి గేర్లలోకి పోయి తేమకు గడ్డకట్టింది. అందుకే గేర్లు లేకుండా కాయిల్, మాగ్నెట్‌తో గేటును నెట్టాలని నా ఆలోచన.

గేటుకు 20 మి.మీ. వెడల్పు, 5 మి.మీ. మందం ఉన్న నియోడిమియం మాగ్నెట్ బిళ్ళ బిగించాను. ఎదురుగా 20 మి.మీ. ఇనప బోల్టు, 60 మి.మీ. పొడవు. దాని మీద 30 గేజి ఎనామిల్ వైరు 500 చుట్లు. కాయిల్ 8.5 ఓంలు చూపిస్తోంది. 12 వోల్టుల బ్యాటరీ మీద 1.4 ఆంపియర్లు లాగుతోంది.

సమస్య ఏందంటే, బ్యాటరీ వైర్లు ఎటు మార్చి కలిపినా బిళ్ళ బోల్టుకు అంటుకునే ఉంటోంది. ఒకవైపు కలిపితే లాగాలి, తిప్పి కలిపితే నెట్టాలి కదా? కరెంటు తీసేసినా వదలడం లేదు. చేత్తో ఐదారు మిల్లీమీటర్లు దూరం జరిపి కరెంటు ఇస్తే మాత్రం నెడుతోంది. చుట్లు పెంచాలా, వోల్టేజి పెంచాలా? కాయిల్ ఇప్పటికే చెయ్యి పెట్టలేనంత వేడెక్కుతోంది.

---

మోటార్ వైండింగ్, నెల్లూరు ట్రంకు రోడ్డు

అన్నా, చుట్లు పెంచవద్దు, వోల్టేజీ పెంచవద్దు. ముందు ఆ బోల్టు తీసెయ్.

నీ బిళ్ళ లాగుతున్నది కాయిల్‌ను కాదు, బోల్టును. మాగ్నెట్ దగ్గర ఇనప ముక్క పెడితే కరెంటుతో పనేముంది, అదే పోయి పట్టుకుంటుంది. ఆ పట్టును విడిపించేంత బలం నీ కాయిల్‌కు లేదు. మా షాపుకు కూడా ఇట్లాంటివి వస్తుంటాయి. రిలే కాయిల్, కాంటాక్టర్ కాయిల్ చూసి, అదే లెక్కన మాగ్నెట్‌కు కూడా చేస్తారు. రిలేలో కాయిల్ లాగేది ఉత్త ఇనుమును. ఇనుముకు సొంత బలం లేదు కాబట్టి కరెంటు తీయగానే స్ప్రింగు వెనక్కి లాగేస్తుంది. నియోడిమియం అట్లా కాదు. దాని బలం దానికుంది, అది ఊరుకోదు.

---

కావలి డిప్లొమా

ఒక సందేహం. కోర్ (కాయిల్ మధ్యలో ఇనుము) లేకపోతే కాయిల్ బలం వేల రెట్లు పడిపోతుంది కదా? ఇనుము పర్మియబిలిటీ (క్షేత్రాన్ని ఎన్ని రెట్లు పెంచుతుందన్న అంకె) వేలల్లో ఉంటుందని మా పుస్తకంలో ఉంది. కోర్ తీసేస్తే ఇక నెట్టడానికి ఏం మిగులుతుంది?

---

ఒంగోలు ఫిజిక్స్ మాస్టారు, ప్రకాశం జిల్లా

మంచి ప్రశ్న. అల్లూరు గారి సమస్యకు జవాబు కూడా ఇందులోనే ఉంది. కాస్త ఓపిగ్గా చదవండి.

వేల రెట్లు పెరగడం అనేది ఇనుము మూసుకున్న దారిగా ఉన్నప్పుడే. ట్రాన్స్‌ఫార్మర్ కోర్ లాగా, రింగు లాగా. బోల్టుకు రెండు చివరలూ గాలిలోకి తెరుచుకుని ఉంటాయి. ఆ చివరల్లో ఏర్పడే ధ్రువాలు లోపలి క్షేత్రానికి ఎదురుగా పనిచేస్తాయి. అందువల్ల పొడవు వెడల్పుకు మూడింతలున్న బోల్టులో లాభం సుమారు ఏడెనిమిది రెట్లకు మించదు. ఇనుము ఎంత మంచిదైనా ఇంతే. బోల్టును సన్నగా పొడవుగా చేస్తేనే ఆ లాభం పెరుగుతుంది.

ఇప్పుడు మాగ్నెట్ సంగతి చూద్దాం. శాశ్వత అయస్కాంతాన్ని కూడా ఒక కాయిల్‌గానే లెక్కకట్టవచ్చు. దాని అంచు చుట్టూ ఎప్పటికీ ఆగని కరెంటు తిరుగుతున్నట్టు ఊహించుకోవాలి. మామూలు నియోడిమియం అవశేష క్షేత్రం (దానిలో శాశ్వతంగా మిగిలి ఉండే క్షేత్రం) సుమారు 1.2 టెస్లాలు. దాన్ని గాలి స్థిరాంకం మ్యూ నాట్‌తో భాగిస్తే, మీటరు మందానికి సుమారు 9,55,000 ఆంపియర్లు. 5 మి.మీ. బిళ్ళకు సుమారు 4,800 ఆంపియర్-చుట్లు (చుట్లు ఇంటూ కరెంటు). అల్లూరు గారి కాయిల్‌ది 500 చుట్లు ఇంటూ 1.4, అంటే 700. తప్పు మీ చుట్టడంలో లేదు. అర సెంటీమీటరు మందం ఉన్న ఆ బిళ్ళలో దాదాపు 7 కాయిళ్ల సత్తా ఉంది, అదీ కరెంటు లేకుండా, వేడెక్కకుండా.

అంటుకున్న చోట పట్టు ఎంతో చూడాలంటే ఒక సూత్రం చాలు: క్షేత్రం వర్గం ఇంటూ వైశాల్యం, బై రెండు మ్యూ నాట్. 1 టెస్లా ఉన్న చోట చదరపు సెంటీమీటరుకు 4 కిలోల బలం వస్తుంది. అర టెస్లాకు ఒక కిలో. ఇనుము దాదాపు 2 టెస్లాల దగ్గర నిండిపోతుంది కాబట్టి, ఎన్ని చుట్లు చుట్టినా మామూలు ఇనప ముఖం మీద చదరపు సెంటీమీటరుకు సుమారు 16 కిలోల దగ్గర ఆగాల్సిందే. మీ బిళ్ళను మందపాటి ఇనప పలకకు తాకిస్తే 6 కిలోల దాకా పడుతుంది. కాయిల్‌ను తిప్పి కలిపితే కోర్ చివర ఏర్పడే వ్యతిరేక క్షేత్రం అందులో కొంత తగ్గిస్తుంది. మొత్తం పోగొట్టలేదు.

మరి దూరం జరిపితే ఎందుకు నెట్టింది? రెండు బలాలూ దూరంతో ఒకే తీరుగా తగ్గవు. బిళ్ళకూ ఇనుముకూ ఉన్న ఆకర్షణలో, బిళ్ళ తానే ఇనుమును అయస్కాంతంగా మార్చి దాన్ని లాగుతుంది. దూరం పెరిగితే ఇనుములో పుట్టే అయస్కాంతత్వమూ తగ్గుతుంది, దాని ప్రభావమూ తగ్గుతుంది. రెండు దెబ్బలు. కాయిల్ వికర్షణకు ఒకటే దెబ్బ, ఎందుకంటే కాయిల్ బలం బిళ్ళ దూరం మీద ఆధారపడదు. అందుకే దగ్గర్లో ఆకర్షణ గెలుస్తుంది, కొంచెం అవతల వికర్షణ గెలుస్తుంది. మీరు చూసిన ఐదారు మిల్లీమీటర్లే ఆ సరిహద్దు. కరెంటు పెంచితే సరిహద్దు దగ్గరకు జరుగుతుంది, తగ్గిస్తే దూరం పోతుంది.

---

అల్లూరు వనామి

మాస్టారూ, ఇంత వివరంగా ఎవరూ చెప్పలేదు. బిళ్ళలో 4,800 ఆంపియర్-చుట్లు ఉన్నాయంటే నమ్మబుద్ధి కావడం లేదు. మరి బోల్టు తీసేస్తే ఉత్త కాయిల్ ఎంత నెడుతుంది? గేటు కదలాలంటే స్ప్రింగు కాటాతో లాగి చూస్తే 150 గ్రాముల దాకా చూపిస్తోంది. పిండి పేరుకుంటే ఇంకొంచెం ఎక్కువ అవుతుంది.

---

నెల్లూరు టౌన్ ఎలక్ట్రికల్

ఇదంతా ఎందుకు, 230 వోల్టుల కాంటాక్టర్ కాయిల్ పెట్టి నేరుగా ఏసీ ఇవ్వండి. బ్యాటరీ గోలే ఉండదు. బలం బ్రహ్మాండంగా ఉంటుంది.

---

మోటార్ వైండింగ్, నెల్లూరు ట్రంకు రోడ్డు

వద్దు తమ్ముడూ. ఏసీ ఇస్తే సెకనుకు 50 సార్లు లాగుతుంది, 50 సార్లు నెడుతుంది. బిళ్ళ జుయ్యిమని వణుకుతుంది తప్ప ఎటూ పోదు. కాంటాక్టర్ ఏసీ మీద పనిచేసేది ఉత్త ఇనుము కాబట్టి. ఇనుముకు ధ్రువం ఎటు తిరిగినా లాగుడే. మాగ్నెట్‌కు డీసీయే కావాలి.

పైగా చెరువు గట్టు మీద, ఉప్పునీళ్ల పక్కన, మనుషులు నీళ్లలో దిగే చోట 230 వోల్టులు పెట్టి ప్రయోగాలు చేయమని ఎవరికీ చెప్పవద్దు. ఏరియేటర్ల వైర్లతోనే ఎన్ని ప్రమాదాలు వింటున్నాం. 12 వోల్టులతోనే చేద్దాం.

---

ఒంగోలు ఫిజిక్స్ మాస్టారు

వైండింగ్ గారి మాటే నా మాట. ఏసీ సంగతి ఇక్కడితో వదిలేద్దాం.

ఉత్త కాయిల్ బలం లెక్క ఇది. మాగ్నెట్ మీద పడే బలం క్షేత్రం ఎంత ఉందన్న దాని మీద కాదు, దూరంతో పాటు క్షేత్రం ఎంత వేగంగా మారుతోందన్న దాని మీద ఆధారపడుతుంది. పొట్టి కాయిల్ సరిగ్గా నడిమధ్యలో క్షేత్రం గరిష్ఠం, కానీ అక్కడ మార్పు సున్నా, బలమూ సున్నా. మధ్య నుంచి సగం వ్యాసార్ధం దూరంలో బలం గరిష్ఠం. సగటు వ్యాసార్ధం 15 మి.మీ. ఉన్న పొట్టి కాయిల్‌కు 500 ఆంపియర్-చుట్లు ఇస్తే, ఆ చోట క్షేత్రం మీటరుకు సుమారు 1.2 టెస్లాల చొప్పున మారుతుంది. మీ బిళ్ళ అయస్కాంత భ్రామకం (మాగ్నెట్ మొత్తం సత్తాకు కొలత) సుమారు 1.5 ఆంపియర్-చదరపు మీటర్లు. గుణిస్తే 1.8 న్యూటన్లు, అంటే 180 గ్రాముల చిల్లర. ఇనుము లేదు కాబట్టి లాగుడూ నెట్టుడూ సమానం. వైర్లు తిప్పగానే గుర్తు మారుతుంది, అంకె మారదు. కరెంటు రెట్టింపు చేస్తే బలం రెట్టింపు.

కావలి డిప్లొమాకు ఒక మాట. కాటా మీద ఇది నువ్వే కొలిచి చూడు. బిళ్ళను డిజిటల్ కాటా మీద నేరుగా పెట్టవద్దు. కాటా పళ్లెం కింద ఇనుము ఉంటుంది, రీడింగు పాడవుతుంది. 10 సెంటీమీటర్ల ఎత్తు చెక్క దిమ్మె పెట్టి, దాని మీద బిళ్ళ టేపుతో అంటించి, కాటాను సున్నా చేసి, పైనుంచి కాయిల్‌ను స్టాండుకు వేలాడదీసి కరెంటు ఇవ్వు. నెడితే బరువు పెరుగుతుంది, లాగితే మైనస్ చూపిస్తుంది. కాయిల్‌లో బోల్టు పెట్టి ఒకసారి, తీసి ఒకసారి చూడు. బోల్టు ఉన్నప్పుడు కరెంటు లేకుండానే మైనస్ రావడం, ఎత్తు మార్చే కొద్దీ అది ఎంత త్వరగా పడిపోతోందో కళ్లారా చూస్తే ఇక జన్మలో మరిచిపోవు.

---

మోటార్ వైండింగ్, నెల్లూరు ట్రంకు రోడ్డు

మాస్టారి లెక్కకు సరిపోయే కాయిల్ నేను చెప్తా. 24 గేజి వైరు, 500 చుట్లు. బాబిన్ (వైరు చుట్టే ప్లాస్టిక్ కండె) లోపలి రంధ్రం 16 మి.మీ., వెడల్పు 14 మి.మీ. చుట్టడం అయ్యేసరికి బయటి వ్యాసం 44 దాకా వస్తుంది. వైరు 47 మీటర్లు పడుతుంది, రెసిస్టెన్సు 3.3 ఓంలు. 12 వోల్టుల మీద 3.6 ఆంపియర్లు. మాస్టారి అంకె ప్రకారం 650 గ్రాముల తోపు. నీ గేటుకు దండిగా సరిపోతుంది.

కానీ ఇది 43 వాట్లు. అట్లాగే ఆన్‌లో ఉంచితే నిమిషాల్లో ఎనామిల్ కాలిపోతుంది. వేడెక్కితే రాగి రెసిస్టెన్సు కూడా పెరుగుతుంది, ఒక్కో డిగ్రీకి 0.39 శాతం. 60 డిగ్రీలు పెరిగితే దాదాపు పాతిక శాతం. ఆ మేరకు కరెంటు తగ్గి తోపు పడిపోతుంది. పొద్దున బాగా పనిచేసిన కాయిల్ మధ్యాహ్నానికి మొరాయించడానికి కారణం ఇదే. కాబట్టి సెకనులో పదో వంతు కరెంటు కొట్టి ఆపెయ్యాలి.

అసలు ఇక్కడే నా మనసులో మాట చెప్తున్నా. గేటును తెరిచిన చోట, మూసిన చోట పట్టుకునే పని మాగ్నెట్‌కు ఇవ్వండి. మార్చే పని ఒక్కటే కాయిల్‌కు ఇవ్వండి. మనవాళ్లు రెండు పనులూ కాయిల్ నెత్తిన పెట్టి బ్యాటరీలు, కాయిళ్లు రెండూ తగలబెడుతున్నారు. నీ పాత కాయిల్‌నే చూడు. 17 వాట్లు. గేటు మూసి ఉంచడానికి దాన్ని ఆన్‌లో పెడితే 12 వోల్టుల 7 ఏహెచ్ (ఆంపియర్-అవర్) బ్యాటరీ 5 గంటల్లో ఖాళీ.

---

రైస్‌మిల్లు, నెల్లూరు

చర్చ బాగుంది. మా మిల్లులో వడ్లు వచ్చే గొట్టంలో మాగ్నెట్లు ఉంటాయి. మేకులు, తీగముక్కలు, కొడవలి పళ్లు పట్టుకోవడానికి. వాటిని శాశ్వత మాగ్నెట్లే ఎందుకు పెడతారని అడిగితే మా మెకానిక్ చెప్పిన కారణం ఇదే: కరెంటు పోయినప్పుడు పట్టిన ఇనుమంతా వదిలేస్తే అది నేరుగా రబ్బరు రోలర్ల మీదకు పోతుంది.

నా సందేహం. రాత్రింబవళ్లు పట్టుకుని ఉంటే మాగ్నెట్ బలం తరిగిపోదా? మా పాత ఫెర్రైట్ మాగ్నెట్లు ఏళ్ల తరబడి వాడుతున్నాం, బలం తగ్గినట్టే అనిపిస్తుంది.

---

ఒంగోలు ఫిజిక్స్ మాస్టారు

పట్టుకుని ఉండటం వల్ల తరగదు. కదలిక లేనిచోట పని జరగదు, శక్తి ఖర్చు కాదు. మేకు గోడకు పటాన్ని ఎన్నేళ్లు మోసినా ఏమీ ఖర్చుపెట్టనట్టే. కాయిల్ కరెంటు తింటున్నది పట్టు కోసం కాదు, రాగి తీగ రెసిస్టెన్సును దాటడం కోసం.

బలం తగ్గేది వేడి వల్ల, ఎదురు క్షేత్రం వల్ల, తుప్పు వల్ల. మీ మిల్లులో అయితే ముందు చూడాల్సింది ముఖం మీద పేరుకున్న ఇనప రజను. ఒకటి రెండు మిల్లీమీటర్ల పొర ఉన్నా కొత్తగా వచ్చే మేకుకు బిళ్ళ దూరమైపోయినట్టే. శుభ్రంగా తుడిచి, మళ్లీ కాటాతో చూడండి. ఫెర్రైట్ అంత తేలిగ్గా బలం పోగొట్టుకునే రకం కాదు.

---

చీమకుర్తి గ్యాంట్రీ, ప్రకాశం జిల్లా

గ్రానైట్ దిమ్మెలు ఎత్తే క్రేన్ల మీద పనిచేస్తాను. నాకు ఈ డిజైనులో ఒక భయం ఉంది.

మా క్రేను బ్రేకులో కాయిల్ ఉంటుంది. కానీ కాయిల్ పని బ్రేకు వేయడం కాదు, విడిపించడం. బ్రేకు వేసేది స్ప్రింగు. కరెంటు ఉన్నంతసేపు కాయిల్ స్ప్రింగును వెనక్కి లాగి పట్టుకుంటుంది. కరెంటు పోయిందంటే స్ప్రింగు ఠక్కున పట్టేస్తుంది, దిమ్మె గాలిలోనే ఆగుతుంది. ఇది తిరగేసి ఉంటే కరెంటు పోయిన ప్రతిసారీ ప్రాణాలు పోతాయి.

మీరు చెప్పే పద్ధతిలో గేటు రెండు వైపులా మాగ్నెట్ పట్టు మీద నిలబడుతుంది. తెరిచి ఉన్నప్పుడు బ్యాటరీ అయిపోతే? తెరిచే ఉండిపోతుంది కదా. తొట్టిలో మేతంతా చెరువు పాలే.

---

అల్లూరు వనామి

గ్యాంట్రీ అన్న చెప్పింది నూటికి నూరు శాతం నిజం. డబ్బు నష్టం ఒక్కటే అయితే ఓర్చుకోవచ్చు. ఎక్కువైన మేత అడుగున కుళ్లి అమ్మోనియా పెరుగుతుంది, తెల్లవారుజామున ఆక్సిజన్ పడిపోతుంది, రొయ్యలు తలలు పైకెత్తి గట్టు పక్కకు వచ్చేస్తాయి. ఒక్క రాత్రిలో పంట పోతుంది. మాకు కరెంటు పోతే గేటు మూసుకునే ఉండాలి. దీనికి దారి చెప్పండి.

---

ఒంగోలు ఫిజిక్స్ మాస్టారు

రెండు దారులున్నాయి. మొదటిది గ్యాంట్రీ గారి దారి: స్ప్రింగు మూస్తుంది, కాయిల్ తెరుస్తుంది. మేత పడే కొన్ని సెకన్ల పాటు కాయిల్ ఆన్‌లో ఉండాలి. ఖర్చు ఎక్కువ, వేడి ఎక్కువ, కానీ నమ్మకం.

రెండోది, రెండు వైపులా మాగ్నెట్ పట్టే ఉంచి, తెరిచిన వైపు పట్టును బాగా తక్కువగా పెట్టడం. దాంతోపాటు కంట్రోలర్ బ్యాటరీ వోల్టేజిని చూస్తూ ఉండాలి. 11.5 వోల్టులకు దిగగానే గేటు మూసే పల్స్ (క్షణకాలం కరెంటు) కొట్టి, మళ్లీ చార్జి ఎక్కేదాకా తెరవడం మానేయాలి. ఖాళీ అయిపోయాక ఏమీ చేయలేం, ఖాళీ అవ్వక ముందే మూయాలి. బ్యాటరీ వైరే ఊడిపోతే దీనికి జవాబు లేదు. అయినా గేటును నిలువుగా పెట్టగలిగితే ఇంకా మంచిది. గేటు సొంత బరువు మూసే వైపు పనిచేస్తుంది. తెరిచిన వైపు పట్టు ఆ బరువు కన్నా కాస్త ఎక్కువ ఉంటే చాలు. చిన్న తోపుకే ఊడి పడుతుంది.

పట్టు ఎంత కావాలో అంత పెట్టుకోవడానికి వైండింగ్ గారు ఏదైనా ఉపాయం చెబుతారేమో.

---

మోటార్ వైండింగ్, నెల్లూరు ట్రంకు రోడ్డు

చెప్తా. పెద్ద బోల్టు బదులు బాబిన్ రంధ్రం మధ్యలో 6 మి.మీ. ఇనప స్క్రూ ఒకటి వెనక నుంచి బిగించు. మాగ్నెట్‌కు అదే పట్టు. స్క్రూను లోపలికి తిప్పితే మాగ్నెట్‌కు దగ్గరై పట్టు పెరుగుతుంది, బయటికి తిప్పితే తగ్గుతుంది. స్ప్రింగు కాటాతో లాగి చూసుకుంటూ 300 గ్రాముల దగ్గర ఆపు. తెరిచే వైపు ఇంకా తక్కువ. తర్వాత లాక్ నట్టు వేసెయ్. స్టెయిన్‌లెస్ స్క్రూ పెట్టవద్దు, 304 రకం మాగ్నెట్‌కు సరిగా అంటదు. గేటు పలక, తొట్టి మాత్రం 304 స్టెయిన్‌లెస్సే వాడుకో.

మాగ్నెట్ ఎప్పుడూ స్క్రూను తాకకూడదు. మధ్యలో ప్లాస్టిక్ ముక్క అడ్డం ఉండాలి. తాకితే పట్టు విపరీతంగా పెరిగిపోతుంది, పైగా తాకినప్పుడల్లా బిళ్ళ అంచు పెచ్చులూడుతుంది. నియోడిమియం గాజు లాగా పెళుసు.

ఇంకొకటి. గేటు 20 మి.మీ. కదలాలంటే ఒక కాయిల్ చాలదు. కాయిల్ ముఖం నుంచి అంత దూరం పోయాక 650 గ్రాములు కాస్తా 50, 60 గ్రాములవుతుంది. రెండు వైపులా రెండు కాయిళ్లు పెట్టు. దగ్గరున్నది నెడుతుంది, దూరంగా ఉన్నది లాగుతుంది. రెండూ ప్యారలల్‌గా కలిపితే ఆ పదో వంతు సెకను 7 ఆంపియర్లు పోతాయి. ఆ 7 ఏహెచ్ బ్యాటరీ ఈ మాత్రం పల్స్‌కు తట్టుకుంటుంది, వైర్లు మాత్రం లావుగా వెయ్యి.

---

కావలి డిప్లొమా

మాస్టారూ, మీరు చెప్పినట్టే చెక్క దిమ్మెతో కాటా మీద చూశాను. మా ల్యాబ్‌లో దొరికిన కాయిల్, చిన్న బిళ్ళతో. బోల్టు లేనప్పుడు ప్లస్, మైనస్ అంకెలు రెండు వైపులా ఒకటే వచ్చాయి. బోల్టు పెట్టగానే కరెంటు లేకుండానే మైనస్. కాయిల్‌ను కొంచెం కొంచెం పైకి లేపుతూ పోతే నెట్టే వైపు అంకె ముందు మైనస్‌లో ఉండి, ఒకచోట సున్నా దాటి ప్లస్‌లోకి వచ్చి, మళ్లీ తగ్గిపోయింది. ఆ సున్నా దాటే చోటు దగ్గర మాత్రం అంకె నిలవడం లేదు. దిమ్మె కొంచెం కదిలినా మారుతోంది. ఎందుకు?

సర్క్యూట్ గురించి కూడా ఒక ప్రశ్న. కరెంటు ఆపినప్పుడు కాయిల్ కొట్టే వోల్టేజి దెబ్బకు, కాయిల్‌కు అడ్డంగా 1ఎన్4007 డయోడు (కరెంటును ఒకవైపే పోనిచ్చే భాగం) పెడితే సరిపోతుందా?

---

ఒంగోలు ఫిజిక్స్ మాస్టారు

శభాష్. ఆ సున్నా చోటు అస్థిరమైనది. బిళ్ళ కాస్త దగ్గరికి వస్తే ఆకర్షణ గెలిచి ఇంకా దగ్గరికి లాగుతుంది, కాస్త దూరం పోతే వికర్షణ గెలిచి ఇంకా దూరం నెడుతుంది. స్థిరమైన అయస్కాంత బలాలతోనే ఒక మాగ్నెట్‌ను గాలిలో నిలకడగా తేల్చడం సాధ్యం కాదని ఎర్న్‌షా సిద్ధాంతం చెబుతుంది, 1842 నాటిది. గాలిలో తేలే బొమ్మలు, గ్లోబులు చాలావాటిలో లోపల హాల్ సెన్సరు (అయస్కాంత క్షేత్రాన్ని పసిగట్టే భాగం) దూరం చూస్తూ క్షణక్షణం కరెంటు మారుస్తూ ఉంటుంది.

డయోడు ప్రశ్న చాలా ముఖ్యం. ఒకే దిక్కులో కరెంటు పోయే కాయిల్‌కు డయోడు సరైనదే. ఇక్కడ కరెంటు రెండు దిక్కులా తిప్పుతున్నాం. అడ్డంగా ఒక్క డయోడు పెడితే, తిప్పి కలిపిన క్షణంలో అదే షార్టు అవుతుంది. మోస్‌ఫెట్లతో (ఎలక్ట్రానిక్ స్విచ్చులు) చేసిన హెచ్-బ్రిడ్జ్ వాడు, అది కరెంటును రెండు దిక్కులా తిప్పే సర్క్యూట్. అందులో ప్రతి మోస్‌ఫెట్‌కూ ఉండే డయోడు కాయిల్ శక్తిని తిరిగి సప్లైలోకి పంపుతుంది. సప్లై దగ్గర పెద్ద కెపాసిటర్ ఉంచు. బజారులో చౌకగా దొరికే ఎల్298 బోర్డు ఒక్కో ఛానల్‌కు 2 ఆంపియర్ల మించి తట్టుకోదు. 7 ఆంపియర్లకు అది పనికిరాదు.

---

చీమకుర్తి గ్యాంట్రీ

ఎండ సంగతి ఎవరూ మాట్లాడలేదు. మే నెలలో మా దగ్గర ఎండలో ఉన్న ఇనప డబ్బా మీద చెయ్యి పెట్టలేం. మాగ్నెట్ తట్టుకుంటుందా?

---

ఒంగోలు ఫిజిక్స్ మాస్టారు

మామూలు ఎన్ గ్రేడు నియోడిమియం 80 డిగ్రీల వరకే. పల్చటి బిళ్ళకు ఆ హద్దు ఇంకా కిందికి దిగుతుంది, పైగా మనం దాని మీద ఎదురు క్షేత్రం కూడా కొడుతున్నాం. ఒకసారి హద్దు దాటి బలం పోతే చల్లారినా తిరిగి రాదు. ఎండలో మూసిన డబ్బా, పక్కనే కాయిల్ వేడి, ఎదురు క్షేత్రం. ఈ మూడూ కలిస్తే ప్రమాదమే. 150 డిగ్రీల దాకా తట్టుకునే ఎస్‌హెచ్ గ్రేడు దొరుకుతుంది, అది కొనండి. డబ్బాకు తెల్ల రంగు వేసి, నీడ పడేలా పైన రేకు పెట్టండి.

ఉప్పుగాలి ఇంకో శత్రువు. నియోడిమియం మాగ్నెట్ బరువులో దాదాపు మూడింట రెండు వంతులు ఇనుమే. పైన నికెల్ పూత ఎక్కడ గీత పడితే అక్కడి నుంచి తుప్పు లోపలికి పాకి, బిళ్ళ పొడి పొడిగా రాలిపోతుంది. ఎపాక్సీలో ముంచి, ప్లాస్టిక్ గొట్టంలో మూసి పెట్టండి. ఫెర్రైట్‌కు ఈ బాధ లేదు, అది ఆక్సైడే కాబట్టి తుప్పు పట్టదు. కానీ దాని అవశేష క్షేత్రం సుమారు 0.4 టెస్లాలే. అదే కొలతలో మూడో వంతు బలమే వస్తుంది.

---

అల్లూరు వనామి

అందరికీ అప్‌డేట్. మీరు చెప్పినట్టే చేశాను. రెండు కాయిళ్లు వైండింగ్ అన్న షాపులోనే చుట్టించాను. గేటు నిలువుగా మార్చాను. మూసే వైపు స్క్రూ పట్టు 300 గ్రాములు, తెరిచే వైపు గేటు బరువు కన్నా కొంచెం మాత్రమే ఎక్కువ. బిళ్ళ ఎపాక్సీలో వేసి ప్లాస్టిక్ గొట్టం ముక్కలో మూసేశాను.

పల్స్ కొట్టగానే టక్ మని ఒక శబ్దం, గేటు అటు నుంచి ఇటు వచ్చేస్తోంది. కాయిల్ మీద చెయ్యి పెడితే చల్లగా ఉంది. ఒక్కో మార్పుకు 9 జౌళ్ల లోపే. గంటకు నాలుగుసార్లు తెరిచి మూసినా రోజు మొత్తానికి అర వాట్-అవరు కూడా కాదు. చిన్న సోలార్ ప్యానెల్ చాలు. బ్యాటరీని నిజంగా తింటున్నది మేత చిమ్మే పళ్లెం మోటారే.

రెండు చివరలా హాల్ సెన్సర్లు పెట్టాను, గేటు నిజంగా మూసుకుందో లేదో తెలియడానికి. పల్స్ కొట్టిన వెంటనే చూస్తే కాయిల్ క్షేత్రం వల్ల తప్పు చూపిస్తోంది. కాసేపు ఆగి చదివితే సరిగా ఉంది. మూసుకోకపోతే మరోసారి పల్స్, అప్పటికీ కాకపోతే ఫోనుకు మెసేజ్.

ఒక్క సమస్య మిగిలింది. తేమ ఎక్కువగా ఉన్న రాత్రి పిండి గాడిలో గడ్డకట్టి గేటు సగంలో ఆగుతోంది. సగంలో రెండు కాయిళ్ల బలమూ తక్కువే కదా. ఏం చేయమంటారు?

---

మోటార్ వైండింగ్, నెల్లూరు ట్రంకు రోడ్డు

కాయిల్ బలం పెంచవద్దు. గాడి అడుగు కోసేసి కింద ఖాళీ వదులు, పిండి నిలవకుండా రాలిపోతుంది. పలక అంచును ఏటవాలుగా గీకించు, గడ్డను చెక్కుకుంటూ పోతుంది. మెసేజ్ పంపే ముందు ప్రోగ్రాంలో అటొకటి ఇటొకటి నాలుగైదు పల్సులు వరసగా కొట్టేలా పెట్టు. ఆ ఊపుడుకే చాలాసార్లు వదులవుతుంది.

రెండో ఫీడర్‌కు కాయిళ్లు చుట్టించడానికి వచ్చేటప్పుడు మొదటి దాంట్లో ఏ వైరు ఏ టెర్మినల్‌కు ఉందో, బిళ్ళ ఏ ముఖం ఎటు ఉందో మార్కరుతో గీసి ఫోటో తీసుకుని రా. ఒక్క బిళ్ళ తిరగబడినా తెరవమంటే మూస్తుంది, మూయమంటే తెరుస్తుంది. నువ్వు పెట్టిన 11.5 వోల్టుల రక్షణ కూడా తిరగబడుతుంది.

---

రైస్‌మిల్లు, నెల్లూరు

మాస్టారూ, గొట్టంలో మాగ్నెట్ల మీది రజను గుడ్డతో తుడిపించాను. గట్టిగా పట్టుకుని ఉంది, గీకాల్సి వచ్చింది. ఇప్పుడు మేకును చూపిస్తే దూరం నుంచే లాక్కుంటోంది. ఇక మీదట షిఫ్టు మారినప్పుడల్లా తుడవమని కుర్రాళ్లకు చెప్పాను.